43 డిగ్రీల ఎండలో రీఫ్ ట్యాంకు: చిల్లర్ కొనాలా?

ప్రశ్న: మాది కడప. మిద్దె మీద హాల్లో, పడమటి గోడకు దగ్గరగా నాలుగడుగుల రీఫ్ ట్యాంకు (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) ఉంది. పొడవు 120, వెడల్పు 45, ఎత్తు 45 సెంటీమీటర్లు, కింద సంప్ (ట్యాంకు నీళ్లు వచ్చి పోయే రెండో తొట్టి). 120 వాట్ల ఎల్‌ఈడీ లైటు, సంప్ నుంచి నీళ్లు పైకి పంపే 55 వాట్ల రిటర్న్ పంపు, నీటిని కదిలించే రెండు వేవ్‌మేకర్లు, మురికిని నురుగుగా తీసేసే స్కిమ్మర్ ఉన్నాయి. పైన అద్దం మూత. లోపల పగడాల్లో ఒక హ్యామర్ కోరల్, జోవాంథిడ్లు, ఒక లెదర్ కోరల్, జత క్లౌన్ చేపలు, రెండు క్లీనర్ రొయ్యలు. మార్చి ఆఖరు నుంచి నీళ్లు పొద్దున 28.5, సాయంత్రం 5 గంటలకు 31.8 చూపిస్తున్నాయి. రెండు లీటర్ల ఐసు బాటిళ్లు నాలుగు వేస్తే 27.5కు దిగుతోంది, రాత్రి పదికల్లా మళ్లీ 30. హ్యామర్ తెల్లబడుతోంది. నా దగ్గరున్న రెండు థర్మామీటర్లకు డిగ్రీన్నర తేడా ఉంది. చాలదన్నట్టు సాయంత్రం పూట కరెంటు పోతోంది. కచ్చితంగా 25 డిగ్రీలే ఉండాలని అందరూ అంటున్నారు. చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) కొనాలా, ఏసీ పెట్టించాలా, లేక ఈ ఊళ్లో రీఫ్ మానుకోవాలా?
– ఒక పాఠకుడు, కడప

సమాధానం: మానుకోనక్కర్లేదు. చిల్లర్‌కూ ఇప్పుడే డబ్బు పెట్టకండి. మీ ఎండ ఎంత తీవ్రంగా ఉన్నా పొడి ఎండ. అదే మీకు కలిసొచ్చే సంగతి, దాన్ని మీ అద్దం మూత అడ్డుకుంటోంది.

ఈ రోజే మూడు పనులు చేయండి. అద్దం మూత తీసేయండి. ట్యాంకుకు మీటరు దూరంలో స్టూలు మీద టేబుల్ ఫ్యాను పెట్టి, గాలి నీటి పైభాగాన్ని రాసుకుంటూ పోయేలా తిప్పండి. ఫ్యాను నీళ్లలో పడే వీలు ఏమాత్రం ఉండకూడదు, అందుకే ఆ మీటరు దూరం. చలికాలంలో వాడిన హీటర్ ఇంకా సంప్‌లోనే ఉండి ఉంటే ప్లగ్గు పీకేయండి. ఎండాకాలం హీటర్ ఆన్ కాదులే అని చాలామంది వదిలేస్తారు. లోపలి థర్మోస్టాట్ కాంటాక్టులు అతుక్కుపోతే అది 31 డిగ్రీల నీటిని కూడా వేడి చేస్తూనే ఉంటుంది.

ఐసు బాటిళ్లు ఆపండి. సాయంత్రం రెండు గంటల్లో నాలుగు డిగ్రీలు కిందికి, రాత్రికి రెండున్నర పైకి. హ్యామర్‌ను 31.8 ఎంత దెబ్బ తీసిందో ఈ ఊగిసలాట కూడా అంత తీసి ఉంటుంది. పైగా ఐసు పనితనం మనం అనుకున్నంత లేదు. ఒక లీటరు ఐసు కరిగి ట్యాంకు వేడికి వచ్చేసరికి పీల్చుకునేది దాదాపు 0.13 యూనిట్ల (కరెంటు బిల్లులో లెక్కించే యూనిట్లే) వేడి. అదే లీటరు నీరు ట్యాంకు నుంచి ఆవిరైపోతే 0.67 యూనిట్లు పట్టుకుపోతుంది, అంటే అయిదు రెట్లు. ఎండాకాలం మట్టికుండలో నీళ్లు చల్లబడేది ఇందుకే. మీ ట్యాంకును కూడా అలాగే చల్లబరచాలి.

అంకెల్లోకి వెళ్లే ముందు థర్మామీటర్ సంగతి తేల్చుకోండి. డిగ్రీన్నర తప్పు చెప్పే థర్మామీటర్‌ను నమ్మి ఏం సెట్ చేసినా వృథా. ఐసు నీళ్లలో పెట్టి సున్నా చూపిస్తోందా అని పరీక్షించడం మంచిదే కానీ, మనకు కావలసింది 27 దగ్గర అది నిజం చెబుతుందా అన్నది. ఇంట్లో జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ ఉంటుంది కదా, మీ ఇంట్లో ఉన్న కొలత పరికరాల్లో నమ్మదగింది అదే. స్టీలు గ్లాసులో గోరువెచ్చని నీళ్లు పోసి, జ్వరం థర్మామీటర్‌నూ ట్యాంకు థర్మామీటర్ ప్రోబ్‌నూ (నీటిలో ముంచే కొస) పక్కపక్కనే ముంచి, స్పూనుతో కలుపుతూ ఉండండి. నీళ్లు 98.6 ఫారెన్‌హీట్, అంటే 37 సెల్సియస్ దగ్గరున్నప్పుడు ప్రోబ్ ఎంత చూపిస్తోందో రాసుకోండి. 38.2 చూపిస్తే అది 1.2 ఎక్కువ చెబుతోందన్నమాట. ఆ తర్వాత ఐసు పరీక్ష కూడా చేసి, రెండు చోట్లా తప్పు దాదాపు ఒకటే అయితే ఆ తేడాను కంట్రోలర్‌లో (నీటి వేడిని బట్టి ఫ్యాన్లను, హీటర్‌ను నడిపే పరికరం, దాని సంగతి కింద ఉంది) సరిదిద్దుకోవచ్చు. రెండు చోట్లా రెండు రకాలుగా చెబితే ఆ ప్రోబ్‌ను పారేయండి. అద్దానికి అంటించే రంగుల స్టిక్కరు సగం గది వేడినీ సగం నీటి వేడినీ చూపిస్తుంది, లెక్కలోకి తీసుకోకండి.

ఇక 25 గురించి. అది శాసనమేమీ కాదు. హిందూ మహాసముద్రం, పసిఫిక్ పశ్చిమ భాగాల్లో చాలా పగడపు దిబ్బలు ఏడాదిలో ఎక్కువ కాలం 27–29 మధ్యే ఉంటాయి. పగడాలను చంపేది అలవాటైన గరిష్ఠాన్ని దాటి వారాల తరబడి నిలిచిపోయే వేడి. సముద్రంలో మామూలు ఎండాకాలపు గరిష్ఠం కన్నా ఒక్క డిగ్రీ ఎక్కువగా కొన్ని వారాలు నిలిస్తే చాలు, పగడం తన కణజాలంలో ఉండే సూక్ష్మ నాచును బయటికి తోసేసి తెల్లబడుతుంది. లక్షద్వీప్‌లో 1998, 2010, 2016 సంవత్సరాల్లో జరిగింది ఇదే. కాబట్టి కడపలో ఎండాకాలం 25 కోసం పాకులాడటం డబ్బు దండగ. 26.5 నుంచి 27.5 మధ్య పెట్టుకోండి, రోజులో తేడా ఒక డిగ్రీ దాటకుండా చూడండి. 28.5 వరకు మీ దగ్గరున్న జీవాలు తట్టుకుంటాయి. 30 దాటితే అత్యవసరం కిందే లెక్క. ఎందుకంటే వేడితో పాటు ఆక్సిజన్ కూడా తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర సముద్రపు నీరు లీటరుకు సుమారు 6.7 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలిగితే, 31 దగ్గర 6.1 మాత్రమే. సరిగ్గా అప్పుడే చేపలకు, బ్యాక్టీరియాకు ఇంకా ఎక్కువ కావాలి.

ఇప్పుడు మీ ట్యాంకులోకి వేడి ఎక్కడి నుంచి వస్తోందో లెక్క వేద్దాం. రాళ్లు, ఇసుక పోగా సంప్‌తో కలిపి మీ నీళ్లు సుమారు 200 లీటర్లు. ఒక డిగ్రీ పెరగడానికి 0.23 యూనిట్ల వేడి చాలు. మే నెలలో మిద్దె మీద హాలు రోజు మొత్తం మీద సగటున 34 డిగ్రీలు ఉంటుందనుకుందాం. నీళ్లు 27లో ఉంచాలంటే అద్దాల గుండా 50 వాట్లకు పైగా, సంప్ గోడల గుండా మరో 20 వాట్లు లోపలికి వస్తాయి. నీళ్లలో మునిగి ఉండే పంపు తినే కరెంటంతా చివరికి నీటి వేడిగానే మారుతుంది: రిటర్న్ పంపు 55, వేవ్‌మేకర్లు, స్కిమ్మర్ కలిపి 35, మొత్తం 90 వాట్లు. లైటు వేడిలో సగం నీటిలో దిగుతుందనుకుని, తొమ్మిది గంటల వెలుగును రోజంతటికీ పంచితే ఇంకో 20. అంతా కలిపితే 180 వాట్ల పైమాటే.

రోజుకు ఒక లీటరు ఆవిరైతే అది 28 వాట్లను మోస్తుంది. అంటే 180 వాట్లకు రోజుకు 6 నుంచి 7 లీటర్లు ఆవిరి కావాలి. మీ ట్యాంకు పైభాగం అర చదరపు మీటరు దాటి ఉంది. ఏప్రిల్, మే నెలల్లో మీ ఊళ్లో మధ్యాహ్నం గాలిలో తేమ 25 శాతం చుట్టుపక్కలే. అలాంటి గాలిని నీటి మీద బాగా ఆడిస్తే 7–8 లీటర్లు పోవడం కష్టమేమీ కాదు. చెన్నైలోనో విశాఖలోనో ఈ పని కాదు, అక్కడ గాలే తడిగా ఉంటుంది. కర్నూలు, అనంతపురం, కడప వాళ్లు చెన్నైలో ట్యాంకులు పెట్టుకున్నవాళ్ల మాట విని నేరుగా చిల్లర్‌కు పోవడం అందుకే మాకు నచ్చదు.

ఫ్యాన్లు ఎలా బిగించాలంటే: కంప్యూటర్లలో వాడే 120 మిల్లీమీటర్ల 12 వోల్టుల ఫ్యాన్లు నాలుగు తీసుకోండి. ఒక్కోటి మూడు వాట్లకు మించి తినదు. 12 వోల్టుల, 2 ఆంపియర్ల అడాప్టర్ ఒకటి నాలుగింటికీ సరిపోతుంది. ట్యాంకు వెనక అంచున మూడు బిగించండి, నీటికి 10–15 సెంటీమీటర్ల ఎత్తులో, గాలి ఏటవాలుగా ముందుకు పోయేలా. నిట్టనిలువుగా నీటి మీదికి ఊదితే తడి గాలి అక్కడక్కడే తిరుగుతుంది. పక్కకు కొట్టుకుపోతేనే ఆవిరి సాగుతుంది. నాలుగోది సంప్ క్యాబినెట్‌కు. సంప్ తలుపులు మూసి ఉంచితే లోపల గాలి తడితో నిండిపోయి అక్కడ ఆవిరి దాదాపు ఆగిపోతుంది, కాబట్టి వెనక పలకకు రంధ్రం చేసి ఆ ఫ్యాను గాలిని బయటికి లాగేలా పెట్టండి. మామూలు ఫ్యాన్ల బేరింగులు ఉప్పు తుంపరకు తుప్పు పట్టి ఏడాది తిరక్కుండానే గరగరలాడతాయి. దుమ్ము, నీటి తుంపరల నుంచి ఐపీ55 లేదా అంతకు మించిన రక్షణ ఉన్నవి దొరికితే అవే కొనండి, లేకపోతే ఒకటి రెండు అదనంగా ఇంట్లో ఉంచుకోండి. ప్రతి వైరూ సాకెట్‌కు చేరే ముందు ఒకసారి కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లాలి, వైరు వెంట జారిన ఉప్పు నీరు ప్లగ్గులోకి పోకుండా. ట్యాంకు లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్) ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. లేకపోతే ఫ్యాన్ల కన్నా ముందు అది పెట్టించండి.

మూత తీశాక చేపలు దూకే ప్రమాదం ఉంది. క్లౌన్లు అరుదుగా దూకుతాయి గానీ, రేపు ఏ ర్యాస్‌నో ఫైర్‌ఫిష్‌నో తెచ్చుకుంటే పొద్దున్నే నేల మీద చూడాల్సి వస్తుంది. అల్యూమినియం ఫ్రేముకు బిగించిన సన్నటి నైలాన్ వల చాలు. కిటికీలకు వేసే దోమల మెష్ మరీ దగ్గర అల్లిక, గాలినీ వెలుగునూ అడ్డుకుంటుంది. దోమలంటే ఒక మాట: ఫ్యాన్లు గదిలో గాలినంతా నీటి మీదికి తెస్తాయి. దోమల లిక్విడ్, కాయిల్, స్ప్రే ఆ హాల్లో వద్దు. వాటిలో ఉండే పైరెథ్రాయిడ్ మందులు మీ క్లీనర్ రొయ్యలకు విషం.

హాల్లో ఎయిర్ కూలర్ ఉందా? మీరు రాయలేదు, కానీ మన వైపు లేని ఇల్లు అరుదు. కిటికీలు మూసి కూలర్ వేస్తే గాలిలో తేమ పెరిగి ట్యాంకు ఫ్యాన్ల పని సగానికి పడిపోతుంది. ఎదురు కిటికీ తెరిచి, గాలి ఒక వైపు నుంచి వచ్చి మరో వైపు పోయేలా ఉంటే గది చల్లబడటం వల్ల వచ్చే లాభం ఆ నష్టాన్ని భర్తీ చేస్తుంది. కూలర్ లేకపోయినా సాయంత్రం ఏదో ఒక కిటికీ తెరిచే ఉంచండి, మీ ట్యాంకు రోజూ గదిలోకి ఏడు లీటర్ల ఆవిరి వదులుతోందని మరిచిపోవద్దు.

ఈ పద్ధతికి ఒక ఖరీదుంది: నీరు పోతుంది, ఉప్పు పోదు. 200 లీటర్లలో ఆరున్నర లీటర్లు ఆవిరైతే వెయ్యికి 35 పాళ్లున్న ఉప్పదనం ఒక్క రోజులో 36.2కు చేరుతుంది. రెండు రోజులు పోయకపోతే 37 దాటుతుంది. పోయాల్సింది మంచి నీళ్లే, ఉప్పు నీళ్లు కాదు. అవి కూడా ఆర్‌ఓ తర్వాత మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెసిన్ గుండా వచ్చి టీడీఎస్ (కరిగిన లవణాల కొలత) సున్నా చూపించేవి. బోరు నీళ్లు అసలు వద్దు. రోజుకు ఏడు లీటర్ల చొప్పున నెలకు 200 లీటర్లు పోస్తారు. అంటే ట్యాంకు మొత్తానికి సరిపడా బోరు నీటిలోని నైట్రేటు, సిలికా, ఫ్లోరైడు నెలకోసారి లోపలే మిగిలిపోతాయి. 20 లీటర్ల క్యాన్లలో అమ్మే నీళ్లు తాగడానికి బాగుంటాయి గానీ టీడీఎస్ ఎంతో కొంత ఉంటుంది, వాటినైనా డీఐ గుండా పంపాల్సిందే. ఇంట్లో ఆర్‌ఓ పెట్టుకుంటే తెల్లవారుజామున నడపండి. మధ్యాహ్నం కప్పు మీదున్న ఇంటి నీళ్ల ట్యాంకులో నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగి ఉంటాయి. మామూలు మెంబ్రేన్లకు 45 డిగ్రీలు హద్దు, దానికి లోపున కూడా నీళ్లు వేడిగా ఉన్నకొద్దీ ఎక్కువ లవణాలను వదిలేస్తాయి. రెసిన్ త్వరగా అయిపోతోందని ఎండాకాలంలో ఫిర్యాదు చేసేవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఇదే.

రోజుకు ఏడు లీటర్లు చేత్తో పోయడం కుదరని పని. ఆటో టాప్-ఆఫ్ (మట్టం తగ్గగానే మంచి నీళ్లు పోసే పరికరం) పెట్టుకోండి, అదీ రెండు సెన్సార్లు ఉన్నది: ఒకటి మామూలు మట్టానికి, రెండోది అంతకన్నా కొంచెం పైన. మొదటి సెన్సార్ మీద నత్తో నాచో కూర్చుంటే పంపు ఆగదు, రెండోది ఆపుతుంది. మంచి నీటి డబ్బా 20–25 లీటర్లకు మించి పెద్దది వద్దు. అన్నీ చెడిపోయి డబ్బా అంతా సంప్‌లోకి పోయినా ఉప్పదనం 35 నుంచి 31 దాకా పడుతుంది, అంతకన్నా కిందికి పోదు. వంద లీటర్ల డ్రమ్ము అయితే సర్వం పోయినట్టే. వారానికి రెండుసార్లు ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో చూడండి, దాన్ని మంచి నీటితో కాకుండా 35 ఉప్పదనం ఉన్న స్టాండర్డ్ ద్రావణంతో సరిచూసుకోండి.

టాప్-ఆఫ్ డబ్బాలో సున్నపు తేట, అంటే కాల్క్‌వాసర్, కలిపే అలవాటు మీకు ఉంటే ఎండాకాలం మానేయండి. ఇది తెలియక బాగా నడుస్తున్న ట్యాంకులు మే నెలలో పోతుంటాయి. చలికాలంలో రోజుకు లీటరున్నర ఆవిరయ్యే చోట చిక్కటి సున్నపు తేట పోస్తే ఆల్కలినిటీ (నీటి క్షారత, డీకేహెచ్‌లలో కొలుస్తారు) ఒక డీకేహెచ్ కన్నా తక్కువే పెరుగుతుంది, కోరల్స్ దాన్ని వాడేసుకుంటాయి. అదే డబ్బా ఫ్యాన్ల కింద రోజుకు ఎనిమిది లీటర్లు పోస్తే పెరుగుదల నాలుగున్నర డీకేహెచ్. పీహెచ్ ఆకాశానికి ఎగిరి, నీళ్లలో కాల్షియం తెల్లటి పొడిగా రాలిపోతుంది.

వచ్చే వేడినే తగ్గిస్తే పోయాల్సిన నీళ్లూ తగ్గుతాయి. ట్యాంకు వెనక, రెండు పక్కల ఒక అంగుళం మందం థర్మాకోల్ అంటించండి; 25 వాట్లు మిగులుతాయి, అంటే రోజుకు ఒక లీటరు. 55 వాట్ల రిటర్న్ పంపు స్థానంలో అదే ప్రవాహం ఇచ్చే 25 వాట్ల డీసీ పంపు పెడితే మరో 30 వాట్లు. పంపు ధర ఎక్కువే అయినా చిల్లర్ ధరలో చిన్న భాగం, ఏడాది పొడవునా కరెంటు కూడా కలిసొస్తుంది. ట్యాంకును పడమటి గోడ నుంచి కనీసం అడుగు దూరం జరపగలిగితే బాగుండేది కానీ 250 కిలోలకు పైగా బరువును నీళ్లతో జరపడం మాట మరిచిపోండి. ఆ గోడకు బయట ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టించండి. మిద్దె కప్పు మీద సున్నం గానీ తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ గానీ వేయించండి. పగలంతా కాగిన కాంక్రీటు కప్పు రాత్రి పది దాకా హాల్లోకి వేడి కక్కుతూనే ఉంటుంది, మీ ట్యాంకు సాయంత్రం అయిదు తర్వాత కూడా చల్లబడకపోవడానికి అదొక కారణం.

లైటు సమయం మార్చండి. ఇప్పుడు పగటి పూట వెలుగుతూ ఉంటే రోజుకు అరగంట చొప్పున జరుపుతూ రాత్రి 7 నుంచి 2 దాకా తీసుకురండి. పగడాలకు గడియారంతో పని లేదు, వెలుగూ చీకటీ ఒక పద్ధతిలో వస్తే చాలు. తొమ్మిది గంటలను ఏడుకు తగ్గించినా ఇప్పుడున్న పరిస్థితుల్లో హ్యామర్‌కు మేలే.

ఫ్యాన్లను నేరుగా ప్లగ్గులో పెట్టి వదిలేస్తే ఏ తెల్లవారుజామునో నీళ్లు 24కు పడిపోతాయి. కాబట్టి కంట్రోలర్ తప్పనిసరి. చవకైనది, అందరికీ దొరికేది ఎస్‌టీసీ-1000. ఒక లైను చల్లబరిచేదానికి, ఒకటి వేడి చేసేదానికి. ఎఫ్1లో (కావలసిన వేడి) 26.5, ఎఫ్2లో (దానికి అటూ ఇటూ ఒప్పుకునే తేడా) 0.5 పెట్టండి. 27కు ఫ్యాన్లు మొదలై 26.5 దగ్గర ఆగుతాయి. చలికాలంలో హీటర్ తగిలించినప్పుడు 26కు వెలిగి 26.5 దగ్గర ఆరిపోతుంది. ఎఫ్2 ఇంకా తగ్గిస్తే ఫ్యాను ఆగాక కూడా కాసేపు చల్లబడే నీటిని చూసి హీటర్ మొదలవుతుంది, రెండూ ఒకదాంతో ఒకటి పోట్లాడుతూ కరెంటు తింటాయి. ఎఫ్3 కంప్రెసర్ ఆగి మళ్లీ మొదలవడానికి మధ్య నిమిషాలు: ఫ్యాన్లకు 1 చాలు, రేపు చిల్లర్ తగిలిస్తే 5. ఎఫ్4లో జ్వరం థర్మామీటర్‌తో తేల్చిన తేడా వేయండి, ప్రోబ్ 1.2 ఎక్కువ చెబితే -1.2.

ప్రోబ్ ఎక్కడ పెట్టారన్నది సెట్టింగ్ కన్నా ముఖ్యం. సంప్‌లో రిటర్న్ పంపు ఉండే అరలో నీటి మట్టం పడితే ప్రోబ్ గాలిలో వేలాడుతుంది. ఎండాకాలం గది 36 చూసి ఫ్యాన్లను ఆపకుండా తిప్పుతుంది, అంతటితో పోతే ఫరవాలేదు. డిసెంబరు రాత్రి గది 21 చూసి హీటర్‌ను ఆపకుండా వెలిగిస్తే పొద్దునకు చేపల పులుసే. మట్టం ఎప్పుడూ మారని సంప్ అరలో, అడుగుకు దగ్గరగా, సక్షన్ కప్పును నమ్మకుండా ప్లాస్టిక్ క్లిప్పుతో బిగించండి.

కరెంటు పోయినప్పుడు మీరు భయపడాల్సింది వేడికి కాదు. పంపులు ఆగితే వాటి వేడి కూడా ఆగుతుంది కాబట్టి 200 లీటర్ల నీరు గంటకు అర డిగ్రీ కూడా పెరగదు. కదలిక ఆగి ఆక్సిజన్ పడిపోవడమే అసలు ప్రమాదం. ఇంటి ఇన్వర్టర్ లైను మీద ఒక వేవ్‌మేకర్, పైన బిగించిన మూడు ఫ్యాన్లు వేయించండి, అంతా కలిపి 20 వాట్లు. 150 ఆంపియర్ అవర్ బ్యాటరీకి అది లెక్కలోకి రాని భారం. వేవ్‌మేకర్‌ను నీటి పైభాగం అల్లల్లాడేలా పైకి తిప్పి ఉంచండి. చిల్లర్‌ను మాత్రం ఇన్వర్టర్ మీద వేయొద్దు, కంప్రెసర్ మొదలయ్యేటప్పుడు లాగే కరెంటుకు చాలా ఇన్వర్టర్లు ట్రిప్ అవుతాయి.

ఇవన్నీ అమర్చాక రెండు వారాలు పొద్దున 6, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10కి నీటి వేడి, గది వేడి రాసుకోండి. రోహిణి కార్తెలో కూడా 27.5 దాటకపోతే ఆశ్చర్యపోకండి. మీకు అసలు పరీక్ష తొలకరి తర్వాతే. జూలై నుంచి అక్టోబరు దాకా గది 31–32కు దిగినా గాలిలో తేమ 70 శాతానికి చేరిన ఉక్క రోజుల్లో ఫ్యాన్లు రోజుకు రెండు లీటర్లకు మించి ఆవిరి చేయలేవు. నీళ్లు 28.5–29 దగ్గర ఆగుతాయి. లెదర్, జోవాంథిడ్లు, హ్యామర్ దాంతో బతికేస్తాయి, మెల్లగా ఆ మట్టానికి చేరితే. అక్రోపోరా లాంటి సున్నితమైన పగడాలు పెంచాలనుకుంటే మాత్రం ఆ నాలుగు నెలల కోసం చిల్లర్ కావాలి. కొనేది వానాకాలం చూశాక కొనండి.

కొనేటప్పుడు హార్స్‌పవర్ అంకెను పక్కన పెట్టి, చల్లబరిచే సామర్థ్యం ఎన్ని వాట్లో అడగండి. మీకు వచ్చే వేడికి రెట్టింపు, అంటే 350–400 వాట్లు ఉండాలి, ఎందుకంటే చుట్టూ గాలి 38–40 ఉన్నప్పుడు ఏ చిల్లరూ లేబుల్ మీద రాసినంత పని చేయదు. లోపలి కాయిల్ టైటానియమేనని నిర్ధారించుకోండి, రాగి అయితే రొయ్యలు, పగడాలు మిగలవు. కంప్రెసర్ లేని పెల్టియర్ రకం చిన్న కూలర్లు ఈ పరిమాణానికి ఎందుకూ పనికిరావు. చిల్లర్‌ను హాల్లో పెట్టొద్దు. ట్యాంకు నుంచి లాగిన వేడిని, తాను తిన్న కరెంటునూ కలిపి అదే గదిలోకి ఊదుతుంది, గది వేడెక్కి మళ్లీ ట్యాంకు వేడెక్కుతుంది. నీడ ఉన్న బాల్కనీలో పెట్టి, పైపులకు ఏసీ కాపర్ పైపులకు చుట్టే నల్ల ఫోము తొడగండి. మన దుమ్ముకు కండెన్సర్ జాలీ నెల తిరక్కుండానే మూసుకుపోతుంది. పదిహేను రోజులకోసారి బ్లోయర్‌తో ఊదండి.

ఏసీ కేవలం ట్యాంకు కోసం పెట్టించకండి. హాలు మొత్తాన్ని 24 గంటలూ 27లో ఉంచే కరెంటు బిల్లుతో పోలిస్తే ఫ్యాన్లు నెలకు తొమ్మిది యూనిట్లే తింటాయి. రాత్రి ఏసీ వేసి పగలు ఆపితే మళ్లీ ఊగిసలాటే. ట్యాంకు ఎలాగూ ఏసీ నడిచే గదిలో ఉంటే అది వేరే లెక్క.

హ్యామర్ సంగతి. తెల్లబడినా కండ ఉబ్బి, టెంటకిల్స్ బయటికి వస్తుంటే అది బతికే ఉంది. అస్థిపంజరం పదునుగా బయటపడిన తలలు పోయినట్టే. గోధుమరంగు జిగురు కనిపిస్తే అది అంటువ్యాధి. వెంటనే సన్నటి పైపుతో లాగేసి ఆ తలను విరిచి తీసేయండి. మిగతాదాన్ని కదపొద్దు. లైటు తీవ్రత సగానికి తగ్గించి నెల తర్వాత వారానికి పది శాతం చొప్పున పెంచండి. నాచు పోయింది కాబట్టి దానికి తిండి చాలదు. వారానికి రెండుసార్లు, లైటు ఆరాక, కరిగించిన మైసిస్ రొయ్యల ముక్కలు రెండు మూడు చొప్పున ఒక్కో తలకు పిపెట్‌తో అందించండి. రంగు తిరిగి రావడానికి నెలలు పడుతుంది. దాని స్థానంలో ఇంకొకటి కొనే తొందరలో మన సముద్రాల్లో తీసిన రాతి పగడాల జోలికి పోకండి, వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం.

మీ ప్రశ్న ఎండ గురించే అయినా డిసెంబరు మాట కూడా చెప్పేస్తాం, ఆ నెలలో అనంతపురం వైపు రాత్రులు 16–17కు దిగుతాయి, కడపలోనూ హాలు 21–22 అవుతుంది. 300 వాట్ల హీటర్ ఒకటి వాడేవాళ్లు దాన్ని 100 వాట్లవి రెండుగా మార్చుకోవడం మంచిది. 300 వాట్లది ఆన్‌లో అతుక్కుపోతే మీ నీళ్లు గంటకు 1.3 డిగ్రీల చొప్పున పెరుగుతాయి, నిద్రలేచేసరికి అంతా ముగిసిపోతుంది. 100 వాట్లది అతుక్కుపోతే గంటకు 0.4, అదీ చలిగదిలో అంత కూడా పెరగదు. రెండింటినీ కంట్రోలర్ హీటింగ్ లైనుకు తగిలించి, వాటి సొంత థర్మోస్టాట్‌లను 27.5 దగ్గర ఉంచండి. కంట్రోలర్ రిలే చెడిపోయినా అవి అక్కడ ఆగుతాయి. నీటి మార్పిడి చేసే రోజు హీటర్ ప్లగ్గు తీసి పది నిమిషాలు ఆగాకే నీళ్లు తోడండి, వేడి మీదున్న గాజు గాలికి తగిలితే పగులుతుంది.